ల్యాబ్ మారితే ఆర్సెనిక్ తగ్గింది: బోరు నీళ్ళ డేటా మీద ఒక కేస్ స్టడీ

ముందే చెప్తున్నా, ఊరి పేరు, కంపెనీ పేరు, ల్యాబ్ పేరు ఏదీ రాయట్లేదు. ఎవరూ గుర్తుపట్టకుండా బోర్ల నంబర్లు మార్చాను, అంకెలు కూడా కాస్త అటూ ఇటూ చేశాను. లెక్క నడిచిన తీరు, ఎక్కడ ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామన్నది మాత్రం జరిగింది జరిగినట్టే. నీళ్ళ డేటాతో, గాలి డేటాతో పని చేసేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా, ఎందుకంటే ఇలాంటి ఫైళ్ళు నాకు ఇంకా వస్తూనే ఉన్నాయి.

నేపథ్యం

హైదరాబాద్ చుట్టుపక్కల ఒక పారిశ్రామికవాడ. బల్క్ డ్రగ్ యూనిట్లు ఎక్కువ. నీళ్ళు పల్లానికి పోయే వైపు రెండు ఊళ్ళు, వాటి పక్కనే బయట రాష్ట్రాల నుంచి వచ్చిన లేబర్ అద్దెకుండే రూముల వరసలు. చుట్టూ 14 బోర్ల నుంచి మూడు నెలలకోసారి శాంపిల్ తీస్తారు. తొమ్మిదేళ్ళ డేటా, మొత్తం 504 వరసలు. మన దగ్గర ఇంత పొడుగు డేటా దొరకడమే గొప్ప, చాలా చోట్ల ఎండాకాలం ఒకసారి, వానలయ్యాక ఒకసారి తీసి సరిపెట్టేస్తారు.

ఒక యూనిట్ ఎక్స్‌పాన్షన్‌కి అప్లై చేసింది. రిపోర్టు రాసే కన్సల్టెన్సీ వాళ్ళు డ్రాఫ్టులో "భూగర్భ జలాల్లో ఆర్సెనిక్ సగటు 28 శాతం తగ్గింది" అని రాసి, కింద ఒక రిగ్రెషన్ (కాలంతో అంకె ఎలా మారిందో గీత గీసి చూసే లెక్క), పి విలువ (నిజంగా మార్పు లేకపోయినా ఊరికే ఇంత తేడా కనిపించే అవకాశం) 0.001 కంటే తక్కువ అని పెట్టారు. రివ్యూ చేసినాయన మార్జిన్‌లో ఒకే ప్రశ్న రాశారు, తగ్గడానికి కారణమేంటి అని. ఎవరి దగ్గరా జవాబు లేదు, ఎందుకంటే అక్కడ ఎవరూ ఏమీ శుభ్రం చేయలేదు. అప్పుడు ఫైల్ నా దగ్గరికొచ్చింది.

లిమిట్ సంగతి తెలియనివాళ్ళకి: తాగే నీళ్ళకి మన ఐఎస్ 10500:2012 స్టాండర్డ్‌లో ఆర్సెనిక్ 0.01 మిల్లీగ్రాము, అంటే లీటరుకి 10 మైక్రోగ్రాములు. డబ్ల్యూహెచ్‌ఓ గైడ్‌లైన్ కూడా అంతే. కింద ఉత్తి అంకె రాస్తే అది లీటరుకి మైక్రోగ్రాములు అనుకోండి.

గ్రాఫ్‌లో ఏం కనిపించింది

అయిదేళ్ళ దాకా గీత ఎనిమిది దగ్గర ఊగుతూ వచ్చి, ఆరో ఏడు మొదటి క్వార్టర్‌లో టక్కున ఆరుకి దిగింది, ఆ తర్వాత నాలుగేళ్ళూ మళ్ళీ అక్కడే ఊగుతోంది. నేల కింద నీళ్ళు అలా ప్రవర్తించవు. ఆర్సెనిక్ మట్టిని, ఐరన్‌ని అంటిపెట్టుకుని ఉంటుంది, పైనుంచి కాలుష్యం పూర్తిగా ఆగినా నీళ్ళలో తగ్గడానికి ఏళ్ళు పడుతుంది, అదీ ఒక్కో బోరులో ఒక్కోలా. అన్నిటి సగటూ ఒకే క్వార్టర్‌లో దిగిందంటే మారింది నేల కింద కాదు, నేల పైన ఎక్కడో అని అనుమానం.

ఏ ఫైల్ వచ్చినా నేను ముందు చేసేది ఏ అంకె ఎన్నిసార్లు రిపీట్ అయిందో లెక్కపెట్టడం. పాత అయిదేళ్ళ 280 వరసల్లో 210 చోట్ల సరిగ్గా 5.0 ఉంది. కొత్త నాలుగేళ్ళ 224 వరసల్లో 56 చోట్ల సరిగ్గా 0.5. ప్రకృతి ఇంత నీట్‌గా అంకెలు వేయదు కదా. స్కాన్ చేసిన ల్యాబ్ రిపోర్టులు తెప్పించి చూస్తే ఒక దాంట్లో "బీడీఎల్" (బిలో డిటెక్షన్ లిమిట్, అంటే ల్యాబ్ పట్టుకోగలిగే కనీస మోతాదు కంటే తక్కువ), ఇంకో దాంట్లో "10 కంటే తక్కువ", మరో దాంట్లో "ఎన్‌డీ" (నాట్ డిటెక్టెడ్), కొన్నిట్లో ఉత్తి అడ్డగీత. ఎక్సెల్‌లోకి ఎక్కించేటప్పుడు వీటన్నిటికీ డిటెక్షన్ లిమిట్‌లో సగం వేసేశారు. పాత ల్యాబ్ 10 కింద ఏదీ రిపోర్ట్ చేసేది కాదు, కాబట్టి సగం 5. ఆరో ఏడు ల్యాబ్ మారింది, కొత్త వాళ్ళ దగ్గర ఐసీపీ-ఎంఎస్ (చాలా తక్కువ మోతాదుల్ని కూడా కొలిచే మిషన్) ఉంది, 1 దాకా చూడగలదు, కాబట్టి సగం 0.5. గీత దిగిన క్వార్టరూ ల్యాబ్ మారిన క్వార్టరూ ఒక్కటే.

లారీలు తూచే వేబ్రిడ్జి మీద ఉంగరం పెడితే సున్నా అనే చూపిస్తుంది, దాన్నిబట్టి ఉంగరం బరువు చెప్పలేం, వేబ్రిడ్జి ఎంత మొరటుదో మాత్రమే చెప్పగలం. ఆ 210 వరసల్లో ఉన్న సమాచారం కూడా అంతే.

చేసి చూసినవి, పనికిరానివి

క్లయింట్‌కి అర్థం కావాలంటే సిద్ధాంతం చెప్తే కుదరదని, ఆ బీడీఎల్ గళ్ళలో మూడు రకాలుగా వేసి చూపించా. సగం వేస్తే సగటు 8.2 నుంచి 5.9కి తగ్గింది, డ్రాఫ్టులో ఉన్నది ఇదే. పూర్తి లిమిట్ వేస్తే 12 నుంచి 6కి, అంటే సగానికి సగం పడిపోయింది. సున్నా వేస్తే 4.5 నుంచి 5.8కి పెరిగింది! అదే నీళ్ళు, అవే సీసాలు, మనం గడిలో ఏం టైప్ చేశామన్నదాన్నిబట్టి తగ్గడమో పెరగడమో. ఈ ఒక్క టేబుల్‌తో మీటింగ్‌లో సగం వాదన అయిపోయింది. "మరి అందరూ సగమే వేస్తారు కదండీ" అని ఒకాయన అన్నారు. నిజమే, బీడీఎల్‌లు 15 శాతం లోపుంటే సగం వేసుకోవచ్చని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ పాత గైడెన్స్‌లో ఉండేది, జనం ఆ 15 శాతం షరతు వదిలేసి సగం ఒక్కటే గుర్తుపెట్టుకున్నారు. ఇక్కడ పాత డేటాలో 75 శాతం బీడీఎల్‌లే.

బీడీఎల్ వరసలు తీసేద్దాం అన్న సలహా కూడా వచ్చింది. అది ఇంకా ఘోరం, ఎక్కువ వచ్చినవే మిగులుతాయి.

తర్వాత పద్ధతిగా సెన్సార్డ్ డేటా లెక్క, అంటే బీడీఎల్‌ని అంకెలా కాకుండా "0కి 10కి మధ్య ఎక్కడో" అని పెట్టుకుని లాగ్‌నార్మల్ (ఎక్కువ విలువలు చిన్నవిగా, కొన్ని మాత్రం బాగా పెద్దవిగా ఉండే డేటాకి వేసే వంపు) ఫిట్ చేయడం. పుస్తకంలో బాగుంటుంది, ఇక్కడ కూలిపోయింది. ఒక బోరు చెప్తా, 20 శాంపిళ్ళలో 17 బీడీఎల్, మిగతా మూడూ 11, 12, 40. ఆ 40 ఉంటే ఒక సగటు, అది తీసేస్తే దాంట్లో సగం కూడా లేదు. ఒక్క సీసా మీద ఆధారపడ్డ సగటుని రిపోర్టులో పెట్టలేను. అన్ని బోర్లూ కలిపి ఫిట్ చేద్దామంటే అవి ఒకే గుంపు కాదు, వాగు పక్కన ఉన్నవి వేరే లోకం, ఎగువ ఉన్నవి వేరే లోకం. కాప్లాన్-మేయర్ ("కంటే తక్కువ" ఉన్న డేటాకి సగటు తీసే ఇంకో పద్ధతి) వాడొచ్చు కదా అని అడుగుతారు, ప్రోయూసీఎల్ సాఫ్ట్‌వేర్‌లో బటన్ ఉంది కూడా. కానీ డిటెక్షన్ లిమిట్ ఒక్కటే ఉండి, బీడీఎల్‌లన్నీ దాని కిందే ఉంటే కాప్లాన్-మేయర్ చేసేది దాదాపు ఆ లిమిట్‌నే వేసేయడం. పేరు మాత్రం గంభీరంగా ఉంటుంది.

డ్రాఫ్టులో క్రిగింగ్ (బోర్ల మధ్య ఖాళీల్లో విలువలు అంచనా వేసే లెక్క) చేసిన రంగుల మ్యాప్ కూడా ఒకటి ఉంది, దాన్ని తీసేయమన్నా. మనది గ్రానైట్ నేల, నీళ్ళు పగుళ్ళలో నడుస్తాయి, పక్కపక్కనే ఉన్న రెండు బోర్లలో ఒకటి 150 అడుగులు, ఇంకోటి 600 అడుగులు, రెండిటికీ సంబంధమే ఉండకపోవచ్చు. వేరియోగ్రామ్ (దూరం పెరిగేకొద్దీ తేడా ఎలా మారుతుందో చూపే గ్రాఫ్) వేస్తే దగ్గరి బోర్లకీ దూరపు బోర్లకీ తేడా ఏమీ కనపడలేదు. 14 చుక్కల మధ్య అంత నున్నటి రంగులు పూయడానికి ఆధారం లేదు.

పనికొచ్చింది

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. పాత డేటా మొరటుది, దాన్ని నాజూకు చేయలేం, కాబట్టి కొత్త డేటానే మొరటు చేయాలి. కొత్త ల్యాబ్ 3 అన్నా 7 అన్నా 1 కంటే తక్కువ అన్నా అన్నిటినీ "10 కంటే తక్కువ" చేసేశా. క్లయింట్ మొహం చూడాలి, డబ్బులు పోసి చేయించిన ఐసీపీ-ఎంఎస్ రీడింగులు పారేస్తున్నారా అని. పారేయట్లేదు, ట్రెండ్ ప్రశ్న ఒక్కదానికే పక్కన పెడుతున్నాం. రెండు కాలాల్నీ ఒకే కళ్ళద్దాలతో చూడకపోతే పోలికకి అర్థం లేదు.

అలా చేశాక సగటు జోలికి పోకుండా, ఒక్కో బోరుకి విడిగా, వానలకి ముందు క్వార్టర్లు ఒకటి, తర్వాతవి ఒకటిగా పెట్టి సీజనల్ కెండాల్ చేశా. కెండాల్ అంటే ప్రతి జంటనీ పోల్చి, తర్వాతది ఎక్కువా తక్కువా అని ఓట్లు లెక్కపెట్టడమే, రెండూ 10 కిందుంటే టై. బీడీఎల్‌లో ఏ అంకె వేయాలన్న గొడవే ఉండదు. వాలు, అంటే ఏడాదికి ఎంత మారుతోందో చెప్పడానికి అక్రిటాస్-థైల్-సెన్ పద్ధతి వాడా, ఆర్ సాఫ్ట్‌వేర్‌లో డెన్నిస్ హెల్సెల్ వాళ్ళ నాడా2 ప్యాకేజీలో రెడీగా ఉంది, ఉచితం.

ఫలితం: 8 బోర్లు దాదాపు ఎప్పుడూ 10 కిందే, ట్రెండ్ గురించి చెప్పడానికి ఏమీ లేదు. రెండిట్లో పైకీ కిందకీ ఆడుతోంది తప్ప దిక్కు లేదు. రెండిట్లో తగ్గుతోంది. రెండిట్లో పెరుగుతోంది. 28 శాతం తగ్గుదల ఆవిరి.

తగ్గుతున్న రెండు బోర్ల దగ్గర ఆపేసి ఉంటే క్లయింట్ సంతోషించేవాడు, "కనీసం ఇది రాసుకోవచ్చా" అన్నారు కూడా. నాకు నచ్చలేదు, ఎందుకంటే అవి కూడా ఆరో ఏటే దిగాయి. డిటెక్షన్ లిమిట్ గొడవ తీసేశాక కూడా అదే క్వార్టర్‌లో మెట్టు ఉందంటే ఇంకేదో మారింది. ఫీల్డ్ షీట్లు తిరగేస్తే ఆ రెండు బోర్ల ఎదురుగా ఎప్పుడూ "ఎర్ర నీళ్ళు" అని రాసి ఉంది. శాంపిల్ తీసే కుర్రాడికి ఫోన్ చేసి, తమ్ముడూ, ఇదివరకు సీసా ఎలా నింపేవాళ్ళు, ఇప్పుడెలా నింపుతున్నారు అని అడిగా. "ఇదివరకు డైరెక్ట్ పట్టి యాసిడ్ పోసేది సార్, ఇప్పుడు కొత్త ల్యాబ్ వాళ్ళు సిరంజి ఫిల్టర్ ఇచ్చిన్రు, దాంతోని వడగట్టి పోస్తున్నం." అంతే, బయటపడింది. ఆర్సెనిక్ ఐరన్ తుప్పు రేణువులకి అంటుకుంటుంది, 0.45 మైక్రాన్ ఫిల్టర్‌తో వడగడితే అది ఫిల్టర్ మీదే ఉండిపోతుంది. ఒకే బోరు, ఒకే పూట, రెండు సీసాలు పట్టించి పంపాం, వడగట్టనిది 19, వడగట్టింది 7. తెల్లగా వచ్చే బోర్లలో రెండిటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

రిపోర్టుల మీద ఎక్కడా ఈ మార్పు రాసి లేదు. ఆ కుర్రాడికి తప్ప ఎవరికీ తెలియదు.

ఇక పెరుగుతున్న రెండు, వాటిని 6, 11 అందాం. ఇక్కడ అనుమానం రివర్స్‌లో రావాలి, తగ్గితే ఎంత అనుమానించామో పెరిగినా అంతే. ఐసీపీ-ఎంఎస్‌కి ఒక జబ్బుంది. అది ఆర్సెనిక్‌ని 75 ద్రవ్యరాశి దగ్గర వెతుకుతుంది, మిషన్‌లో ఉండే ఆర్గాన్ 40, నీళ్ళలోని క్లోరిన్ 35 అతుక్కుంటే అదీ 75 దగ్గరే కనిపిస్తుంది. 11వ బోరులో క్లోరైడ్ చాలా ఎక్కువ, పైగా పెరుగుతోంది, అంటే ఉప్పు పెరిగితే ఆర్సెనిక్ పెరిగినట్టు దొంగ రీడింగ్ రావచ్చు. ల్యాబ్‌ని అడిగితే హీలియం కొలిజన్ సెల్ (ఆ అతుకుల్ని ఆపే భాగం) ఆన్‌లోనే పెట్టి చేస్తున్నామని చెప్పారు, నమ్మకం కోసం కొన్ని సీసాలు హైడ్రైడ్ పద్ధతిలో (ఆర్సెనిక్‌ని వాయువుగా మార్చి కొలిచేది) వేరే చోట చేయించాం, అంకెలు కలిశాయి. పైగా ఫిల్టర్ మొదలయ్యాక కూడా పెరుగుతోందంటే అసలు పెరుగుదల అంతే అయ్యుండాలి లేదా ఇంకా ఎక్కువ, తక్కువ మాత్రం కాదు. 14 బోర్లకి 14 టెస్టులు చేస్తే 0.05 గీత దగ్గర ఒకటి ఊరికే తగలొచ్చు, అందుకే గీత ఇంకా కిందకి పెట్టుకుని చూశా, 11 నిలబడింది.

6వ బోరు కథ వేరు. నీటి మట్టాన్ని కూడా లెక్కలోకి తెస్తే కాలంతో పెరుగుదల మాయమైంది, మట్టంతో మాత్రం గట్టిగా ముడిపడి ఉంది. 2015-16 కరువులో మట్టం పాతాళంలో ఉన్నప్పుడు ఆర్సెనిక్ తక్కువ, 2020 అక్టోబర్ వానల తర్వాత మట్టం పైకొచ్చాక ఎక్కువ. నేను అనుకున్నది దీనికి ఉల్టా, నీళ్ళు ఎక్కువైతే పలచబడాలి కదా. నా అంచనా ఏంటంటే పై పొరల్లో ఎప్పుడో పారబోసిన పాత చెత్త ఉంది, మట్టం అక్కడిదాకా ఎక్కినప్పుడు దాన్ని కడుక్కుని దిగుతోంది. ఇది అంచనాయే, మట్టి తవ్వి చూస్తే తప్ప తేలదు, రిపోర్టులో కూడా అలాగే రాశా. ట్రెండ్ లేదు కాబట్టి మంచి వార్త అనుకోవద్దని కూడా రాశా, మంచి వాన పడ్డ ప్రతి ఏడూ ఈ బోరు చెడిపోతుందన్నమాట.

రిస్క్ లెక్క

డ్రాఫ్టులో 14 బోర్ల సగటు తీసి, మనిషి రోజుకి 2 లీటర్లు తాగుతాడు, 70 కిలోలుంటాడు అని ఈపీఏ పాత డిఫాల్టులు వేసి, రిస్క్ లేదని తేల్చారు. సగటు బోరు నుంచి ఎవరూ నీళ్ళు తాగరు. ఎవరి బోరు వాళ్ళదే.

డిఫాల్టుల సంగతి చూడండి. నీళ్ళు సరిగ్గా లిమిట్ దగ్గర, అంటే 10 ఉన్నాయనుకోండి. 2 లీటర్లు, 70 కిలోలు అయితే రోజుకి కిలో బరువుకి 0.00029 మిల్లీగ్రాములు, ఈపీఏ పాత రిఫరెన్స్ డోస్ (జీవితాంతం రోజూ తీసుకున్నా హాని ఉండదనుకునే మోతాదు) 0.0003తో భాగిస్తే హజార్డ్ కోషెంట్ 0.95, అంటే 1 అనే గీత కింద. అదే మే నెలలో ఎండలో పనిచేసి 4 లీటర్లు తాగే 52 కిలోల మనిషికి లెక్కేస్తే 2.6. 2025 జనవరిలో ఈపీఏ ఆ డోస్‌ని 0.00006కి దించింది, దాంతో చూస్తే మొదటి మనిషికే 4.8. మాంటే కార్లో (ఇన్‌పుట్లని లాటరీలా మార్చి మార్చి లెక్కేయడం) వేసి పదివేల సార్లు తిప్పే ముందు ఈ నాలుగు అంకెలు కాగితం మీద వేసుకుంటే చాలు, ఏ ఇన్‌పుట్ మీద జవాబు వేలాడుతోందో తెలిసిపోతుంది. మాంటే కార్లో కూడా చేశాం, కొత్తగా చెప్పింది తక్కువ.

"అక్కడ మిషన్ భగీరథ నీళ్ళున్నాయి, బోరు నీళ్ళు ఎవరూ తాగట్లేదు" అన్నది కంపెనీ వాదన. ఊళ్ళ వరకు చాలావరకు నిజం. కానీ లేబర్ రూములకి ఆ కనెక్షన్ లేదు, ఓనరు వేయించిన బోరు, పైన సింటెక్స్ ట్యాంకు, అన్నం వండటానికీ తాగటానికీ అదే. ఆ బోరే మన 11. అన్నం వండితే బియ్యం నీళ్ళని పీల్చుకుంటుంది కాబట్టి తాగేదానికి వండేది కూడా కలపాలి. ఇంకోటి, రిస్క్ లెక్కకి వడగట్టని శాంపిలే వాడాలని పట్టుబట్టా. నేల కింద ఏది ఎంత దూరం ప్రయాణిస్తుందో తెలియాలంటే వడగట్టింది కావాలి, మనిషి కడుపులోకి ఎంత పోతోందో తెలియాలంటే ట్యాప్‌లో వచ్చింది వచ్చినట్టే కావాలి. సిరంజి ఫిల్టర్ పెట్టుకుని ఎవరూ తాగరు కదా.

బీడీఎల్ ఎక్కువ ఉన్న బోర్లకి రిస్క్ అంకె ఇవ్వడం మానేసి, "10 దాటే అవకాశం ఎంత" అన్నది మాత్రం ఇచ్చాం. పైన చెప్పిన బోరులో 20లో 3 దాటాయి, 15 శాతం, కానీ 95 శాతం ఇంటర్వెల్ (అసలు రేటు ఉండగల పరిధి) 3 నుంచి 38 శాతం దాకా ఉంది. కొత్త ల్యాబ్ 16 శాంపిళ్ళలో ఒక్కటీ దాటని బోరుకి కూడా అసలు రేటు 17 శాతం దాకా ఉండొచ్చు, అంతకంటే తక్కువని ఆ డేటాతో హామీ ఇవ్వలేం. ఈ వాక్యం తీసేయమని చాలా ఒత్తిడి వచ్చింది. ఉంచాం.

తర్వాత

రిపోర్టు మారింది. తగ్గిందనడానికి ఆధారం లేదు, 11లో పెరుగుతోంది, 6 నీటి మట్టంతో నడుస్తోంది, మిగతావాటి గురించి ఈ డేటాతో ఇంతకంటే చెప్పలేం అని. ఎక్స్‌పాన్షన్ మీద దాని ప్రభావం నా పరిధి కాదు. 11వ బోరు మీద తాగొద్దని బోర్డు పెట్టారు, రూములకి వేరే నీళ్ళ ఏర్పాటు చేశారు, అది మాత్రం తొందరగానే జరిగింది.

ఎక్సెల్‌లో ఇప్పుడు ఒక్క కాలమ్ బదులు ఆరు ఉన్నాయి: ల్యాబ్ ఇచ్చిన అంకె, "కంటే తక్కువ" గుర్తు విడిగా, ఆ రోజు రిపోర్టింగ్ లిమిట్, ల్యాబ్, పద్ధతి, వడగట్టారా లేదా. గడిలో సగం వేసే హక్కు ఎవరికీ లేదు. ల్యాబ్ మార్చాల్సి వస్తే కనీసం ఒక ఏడాది రెండు ల్యాబ్‌లకీ జంట సీసాలు పంపాలని ఒప్పందంలో పెట్టించాం, ఖర్చని గొణిగారు కానీ తొమ్మిదేళ్ళ డేటాలో అయిదేళ్ళది సగం పనికిరాకుండా పోవడం కంటే చవకే. పాత ల్యాబ్‌లో మిషన్ అసలు రీడింగులు, అంటే 10 కింద కూడా రాసుకున్న చేతి రిజిస్టర్లు కొన్ని దొరికాయి, వాటిలో 6, 8 లాంటి అంకెలున్నాయి, వాటిని నిజమైన విలువలుగా కాకుండా ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా ఇంటర్వెల్‌గా వాడొచ్చా అన్నది ఇంకా చూస్తున్నాం. ఎర్ర నీళ్ళ బోర్లు రెండిట్లో జంట శాంపిళ్ళు నడుస్తున్నాయి, 6వ బోరుకి మూడు నెలల లెక్క పక్కన పెట్టి మట్టం అడుగు పెరిగినప్పుడల్లా ఒక సీసా పట్టమన్నాం.